నాలుగు సెకన్ల బొటనవేలు

"మీ చేతులకి వయసెంత ఆంటీ?"

ఈ మాట అడిగింది లాస్య, అసిస్టెంట్ డైరెక్టర్. వయసు ఇరవై ఐదు. జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళా మెట్ల మీద నిలబడి అడిగింది. అడిగించుకున్నది శేషారత్నం, జూనియర్ ఆర్టిస్టు. ఆ పూట ఆమె పెళ్లివారింటి చుట్టం. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, మెట్ల మీద వరసగా కూర్చున్న పన్నెండుమంది చుట్టాల్లో చివరి చుట్టం.

"నాకు యాభై ఆరు మేడమ్. వాటిని నేనెప్పుడూ అడగలేదు," అంది శేషారత్నం.

లాస్య నవ్వలేదు, పనిలో ఉంది. బండి మీద వంకాయలు ఏరుతున్నట్టు ఆమె చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. "పర్లేదు, నరాలు పెద్దగా లేవు. గిన్నెలు తోమరా?"

"గిన్నెలు తోముతాను. బట్టలే, మా ఆయన ముట్టుకోనివ్వడు."

ఇది నిజం. ఆమె భర్త వెంకటేశ్వరరావు ముప్ఫై ఏళ్లు కాస్ట్యూమ్స్ శాఖలో టైలరు. ఇప్పుడు యూసఫ్‌గూడలో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం. బట్ట ఉతకడం ఇంకొకరికి చేతకాదని అతని నమ్మకం. ఆ నమ్మకం వల్ల శేషారత్నం చేతులకి సబ్బునీళ్ల బాధ సగం తప్పింది. పెళ్లయిన ముప్ఫై ఏళ్లకి దానివల్ల ఒక లాభం కనబడింది.

జూనియర్ ఆర్టిస్టుల గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండే పాటలు పాడతారు. కళామతల్లి సేవ అని ఒకటి, వెలుగుల వెనక చీకటి అని ఇంకొకటి. శేషారత్నానికి రెండూ అతకవు. రేపల్లె నుంచి ఇరవై తొమ్మిదో ఏట కృష్ణానగర్ వచ్చింది. భర్త ఎటూ సెట్లోనే ఉంటాడు, ఇంట్లో కూర్చుని చేసేదేముందని తనూ వెళ్లింది. పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ కంపెనీవి. ఎండలో నిలబడితే ఎండ, ఏసీలో కూర్చోబెడితే ఏసీ. పెళ్లిలో చుట్టం, కోర్టులో జనం, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద మనిషి. ఆమెకిది ఉద్యోగం. ఉద్యోగం గురించి ఎవరికైనా ఉండే విసుగే ఆమెకూ ఉంది, అంతకుమించి లేదు.

ఒక్క సంగతి మాత్రం ఆమెని గుచ్చుతుంది. ఇరవై ఏడేళ్లలో ఆమె ఒక్కసారీ ఫోకస్‌లో లేదు. కెమెరా హీరో మొహాన్ని పట్టుకుంటే, అతని వెనక మూడడుగుల నుంచీ లోకమంతా మసక. ఆమె ఎప్పుడూ ఆ మసకలో ఉంటుంది. "నూటడెబ్భై సినిమాలు చేశానండీ, ఒక్కదాంట్లోనూ నాకు ముక్కుండదు," అంటుంది. "మా ఆయన చీర అంచు చూసి గుర్తుపడతాడు. అదీ ఆయనే ఇస్త్రీ చేశాడు కాబట్టి."

ఇక ఫోను సంగతి.

కీప్యాడ్ ఫోను వాడేవాళ్లని చూస్తే చదువుకున్నవాళ్లకి ఈమధ్య భక్తి పొంగుతోంది. ఎంత ప్రశాంతత, ఎంత వైరాగ్యం అని. శేషారత్నానికి అలాంటి జబ్బేమీ లేదు. ఇంట్లో ఆమెకి పెద్ద ఫోనుంది, దాంట్లో వంటల వీడియోలు చూసి పడుకుంటుంది. చిన్న ఫోను సెట్ కోసం. పెద్ద హీరోల సెట్లో ఎవరి గెటప్పయినా బయటికి పోతుందేమోనని నిర్మాతలకి ప్రాణభయం. అందుకని గేటు దగ్గరే కెమెరా ఉన్న ఫోన్లన్నీ ప్లాస్టిక్ ట్రేలో వేయించుకుని టోకెన్ ఇస్తారు. సాయంత్రం ప్యాకప్ తరవాతే మళ్లీ చేతికిచ్చేది. శేషారత్నం ఫోనుకి కెమెరా లేదు. సెక్యూరిటీ ఆయన దాన్ని మొదటిసారి అటూ ఇటూ తిప్పి చూసి, "గీ డబ్బా ఏం జేస్తదమ్మా, పట్కపో," అని లోపలికి వదిలాడు. అప్పట్నుంచీ వదులుతూనే ఉన్నారు.

అలా ఆమె నడుం దగ్గర దోపుకున్న డబ్బా, సెట్ మొత్తానికీ తంతి ఆఫీసయింది. "రత్నక్కా, మా ఇంటికి కొట్టవా, లేటవుద్దని." "రత్నక్కా, గ్యాసువాడు వస్తాడు, పక్కింట్లో తాళం ఉందని చెప్పు." ఆమె కొడుతుంది. ఎదురుగా కెమెరా తిరుగుతుంటే, కొంగు కింద, చూడకుండా కొడుతుంది. అయిదో నంబరు మీట మీద చిన్న పొక్కులాంటిది ఉంటుంది. బొటనవేలు దాన్ని తడిమి తన చోటు తెలుసుకుంటుంది. మిగతావన్నీ అక్కణ్ణుంచి లెక్కే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఒక్కో మీట మీద మూడో నాలుగో అక్షరాలు, కావలసింది వచ్చేదాకా నొక్కాలి. "నేను" చాలా సుఖం. నాలుగక్షరాలు, ఒక్కోదానికి రెండేసి నొక్కులు, లయ తప్పదు. "అమ్మ" కష్టం. ఒకే మీటని రెండుసార్లు వాడాలంటే మధ్యలో ఆగి, తెర మీది గీత ముందుకి జరిగేదాకా కాచుకోవాలి. శేషారత్నం కాచుకోదు. రెండో అక్షరం ఎగ్గొట్టేస్తుంది. ఆమె మెసేజుల్లో అమ్మలందరూ అమలే, అన్నమంతా అనమే. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ వేగం చూసే, జూనియర్లని సప్లై చేసే ఏజెంటు వరప్రసాద్ ఆమెకి ఇంకో పని అప్పజెప్పాడు. రేపు ఎన్నింటికి రావాలి, ఎక్కడికి, ఏ రంగు చీర అన్నది మధ్యాహ్నానికల్లా ఆమెకి చెప్తాడు. ఆమె ఫోన్లో "లేడీస్" అని ఒక లిస్టుంది, పద్దెనిమిది నంబర్లు. మెసేజ్ కొట్టి, మెనూ, పంపు, లిస్టు, ఓకే. నాలుగు నొక్కులు. ఆరేళ్లుగా రోజూ కొడుతున్న నాలుగు నొక్కులు. ఇవి గుర్తుంచుకోవాలి.

సరే, చేతులెందుకు కావలసి వచ్చాయంటే, ఆ సినిమా కథ 2006లో జరుగుతుంది. ఇంటర్వెల్‌కి ముందు హీరోయిన్ పెళ్లి పీటల దగ్గర్నుంచి లేచి, కీప్యాడ్ ఫోన్లో హీరోకి ఒక మెసేజ్ పంపి వెళ్లిపోవాలి. ఫోను మీద వేళ్లు, దగ్గరగా, తెర నిండా. హీరోయిన్‌కి ఇరవై రెండేళ్లు. అలాంటి ఫోను ఆమె చేతిలో పట్టుకోవడం అదే మొదలు. గోళ్లు పొడుగు. ఒక్కో మీటనీ కాలింగ్ బెల్ నొక్కినట్టు చూపుడువేలితో నొక్కుతుంటే, డైరెక్టర్ తల పట్టుకున్నాడు. పొద్దున్నించీ కొంగు కింద కదులుతున్న బొటనవేలిని లాస్య చూసింది. అందుకే ఆ ప్రశ్న.

"చేతులకి ఐదు వేలు," అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ పట్టాభిరామయ్య, ఆ ఐదు వేలూ తన జేబులోంచే పోతున్నట్టు.

శేషారత్నం డబ్బు మాట సగమే వింది. "ఫోకస్ చేతుల మీదేనాండీ?" అని అడిగింది.

"వేరే ఏముంది తెరమీద? చేతులే."

"మసక ఉండదుగా?"

"ఉండదమ్మా. తెరమీద ఉండేదే నాలుగు సెకన్లు," అన్నాడతను, ఇదేం ప్రశ్నన్నట్టు.

మేకప్ మనిషి మోచేతుల దాకా రంగు పూశాడు. మెహందీ పెట్టారు, గాజులు తొడిగారు. ఆర్ట్ వాళ్లు ఎక్కడో కొనుక్కొచ్చిన పాత ఫోను రెండు నిమిషాలకోసారి ఆరిపోతుంటే దాన్ని పక్కన పడేసి, శేషారత్నం ఫోనుకే కంపెనీ పేరు మీద నల్ల టేపు అతికించారు. అప్పుడు లాస్య డైలాగు కాగితం తెచ్చి చదివింది. "మన జ్ఞాపకాల తీరంలో నేనొక అలనై వెళ్లిపోతున్నాను. నీ కన్నీటి సంద్రంలో నన్ను వెతకకు."

శేషారత్నం విని, గాలిలోనే బొటనవేలు ఆడించి లెక్కేసింది.

"ఒక్క జ్ఞాపకాలకే పదమూడు నొక్కులండీ. ఇంత పొడుగు ఎవరు కొడతారు మేడమ్ ఈ ఫోన్లో? అందులోనూ పెళ్లి పీటల మీంచి పారిపోతూ."

"మరేం కొడతారు?"

"నేను వెళ్తున్నా. వెతకొద్దు. అంతే కదా సంగతి."

లాస్య వెళ్లి డైరెక్టర్ని అడిగింది. వెలుతురు పోతోంది, ఆయనకి ఓపిక కూడా పోయింది. "ఏదో ఒకటి కొట్టమను, తరవాత గ్రాఫిక్స్‌లో మార్చుకుందాం," అన్నాడు. లాస్య తిరిగొచ్చి హెచ్చరించింది. "కొట్టి, లిస్టు దాకా వెళ్లి ఆగిపోండి ఆంటీ. ఓకే నొక్కొద్దు. సరేనా?"

"సరే మేడమ్."

మూడు టేకులు పాడయ్యాయి. ఒకటి గాజు అడ్డం వచ్చి, ఒకటి నీడ పడి, మరొకటి ఎవరో దగ్గి. నాలుగో టేకులో శేషారత్నం బొటనవేలు దాని దారిన అది నడిచింది. నేను వెళ్తున్నా. వెతకొద్దు. అక్కడ ఆగాలి. కానీ ఆమె సెట్లో కొట్టే మెసేజ్ ఏదీ ఇంటిపని చెప్పకుండా ఆగదు. ఆరేళ్ల అలవాటు. వేలు ఇంకొంచెం దూరం వెళ్లింది. అన్నం కుక్కర్లో ఉంది. మెనూ, పంపు, లిస్టు, ఓకే.

తెర మీద చిన్న కవరు బొమ్మ రెక్కలొచ్చినట్టు ఎగిరిపోయింది.

"ఓకే. చాలా బావుంది," అన్నాడు డైరెక్టర్. "ఆ కవరు ఎగరడం భలే ఉంది. ఎవరూ కదలొద్దు, ఇంకో యాంగిల్."

శేషారత్నం మాత్రం తెల్లబోయింది. "మేడమ్, అది నిజంగానే పోయింది."

"ఏది?"

"మెసేజు. లేడీస్‌కి. పద్దెనిమిది మందికీ."

అప్పుడే ఫోను మోగింది. తెర మీద పుష్పవల్లి పేరు. కెమెరామన్ మొహం చిట్లించాడు. "తరవాత మాట్లాడుకోండి ఆంటీ, వెలుతురు లేదు," అని లాస్య ఫోనందుకుని ఆపేసింది. ఇంకో యాంగిల్‌కి తెర వెలగనక్కర్లేదు, చేతులుంటే చాలు. ఆ ఒక్క యాంగిల్‌కి అరగంట పట్టింది.

ఈ అరగంటలో బయట లోకం ఖాళీగా లేదు.

పుష్పవల్లి మధురానగర్‌లో ఉంటుంది. శేషారత్నంతో పదిహేనేళ్ల స్నేహం. ఆ రోజు ఆమెకి పని లేదు, మేడ మీద ఎండబెట్టిన వడియాలు తీస్తోంది. మెసేజ్ చూసింది. ఫోను చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది, స్విచాఫ్. నేరుగా వెంకటేశ్వరరావుకి కొట్టింది.

"అన్నయ్యగారూ, రత్నక్క వెళ్లిపోతున్నానని మెసేజ్ పెట్టిందండీ."

కుట్టుమిషను చప్పుడు ఆగలేదు. "ఎక్కడికి?"

"వెతకొద్దని కూడా పెట్టింది."

"వెళ్లిపోయే మనిషి నిన్న కరెంటు బిల్లు కడుతుందా అమ్మా? పొద్దున రేపటికి ఇడ్లీపిండి కూడా రుబ్బి పెట్టింది. వస్తుందిలే," అని అతను పెట్టేశాడు.

ఇది ప్రేమా, ధీమానా అని అడిగితే అతను జాకెట్టు కొలతలు రాసుకుంటున్నానని చెప్తాడు. పుష్పవల్లికి మాత్రం ధీమా కలగలేదు. ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్కులో ముగ్గురూ ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. మొన్న చీటీ డబ్బుల దగ్గర రత్నక్కని నువ్వే ఏదో అన్నావని ఒకరు, నేను కాదు నువ్వేనని ఇంకొకరు. బంగళా గేటు దగ్గర దిగేసరికి గొంతులు పెద్దవయ్యాయి.

"ఏందమ్మా, మీ పేర్లు లిస్టుల లెవ్వు," అన్నాడు సెక్యూరిటీ.

"లిస్టు సంగతి తరవాత. మా రత్నక్క లోపలుందా లేదా?"

"గా డబ్బా ఫోనామెనా? ఉన్నది. పొద్దుగాల నుంచి గాడనే కూసున్నది."

"నువ్వు కళ్లతో చూశావా?"

"మీకెందుకమ్మా ఫికర్. జర ఊకోండి, షూటింగ్ నడుస్తుంది."

వాళ్లు ఊరుకోలేదు. చప్పుడు విని పట్టాభిరామయ్య బయటికొచ్చాడు. సంగతి అడిగాడు. పుష్పవల్లి ఫోన్లో మెసేజ్ చూపించింది. అతను రెండుసార్లు చదివి, లోపలికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. అప్పుడే రెండో యాంగిల్ అయిపోయి, శేషారత్నం చేతులకి రంగు తుడుచుకుంటోంది.

"రత్నమ్మా, ఏం చేశావో తెలుసా? ఇంటర్వెల్ బయటికి పంపావు. పద్దెనిమిది మందికి. అందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టించి నేను కాపలా కాస్తుంటే, నీ డబ్బాలోంచి ఇంటర్వెల్ వెళ్లిపోయింది."

"పొరపాటైందండీ. వేలు ఆగలేదు."

"నిర్మాతకి జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఆ షాట్ తీసేస్తాం. రేపు హీరోయిన్ చేతులతోనే తీసుకుంటాం, ఎలా వస్తే అలా. నువ్వు మళ్లీ చుట్టాల్లో కూర్చో. అదీ నిర్మాత ఉండనిస్తే."

శేషారత్నం ఐదు వేల గురించి మాట్లాడలేదు. "చేతులు బాగా వచ్చాయన్నారండీ," అంది. "కెమెరా ఆయన కూడా అన్నారు." అంతవరకే అనగలిగింది. ఇరవై ఏడేళ్ల తరవాత నాలుగు సెకన్లు దొరికి, అరగంటలో పోతున్నాయి.

లాస్య అడ్డం వచ్చింది. "సర్, ఆగకపోవడం తప్పే. కానీ ఫోను ఆపేసింది నేను. మెసేజ్ పోయిందని ఆంటీ అప్పుడే చెప్పారు."

"నువ్వు కూడా చుట్టాల్లో కూర్చుంటావా?"

ఈ గొడవకి డైరెక్టర్ టీ గ్లాసుతో వచ్చాడు. ముందు శేషారత్నానికి ఫోను ఇప్పించి, బయట ఇంకా పదిహేను మంది కంగారుపడుతున్నారు కాబట్టి ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఆమె అందరి ముందూ, కిందికి చూడకుండా కొట్టింది. నేను బానే ఉన్నా. అది షూటింగ్. రేపు ఆరింటికి కాల్, పసుపు చీర. ఇరవై సెకన్లు పట్టింది. తరవాత గేటు దగ్గరి ముగ్గురినీ లోపలికి పిలిపించారు. పుష్పవల్లి వస్తూనే శేషారత్నాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మెహందీ ఎవరు పెట్టారే నీకు?" అంది. అంతవరకూ ఏడుస్తూ వచ్చిన మనిషి.

డైరెక్టర్ ఆమెని అడిగాడు. "ఏమ్మా, మెసేజ్ చూడగానే సినిమా డైలాగని అనిపించలేదా?"

"సినిమా డైలాగా?" అంది పుష్పవల్లి. "సినిమాల్లో ఇలా ఎవరు మాట్లాడతారండీ? నేను వెళ్తున్నా, వెతకొద్దు అనేదాకా ఏదో ఆటలే అనుకున్నాను. అన్నం కుక్కర్లో ఉందని చూసేసరికి గుండె ఆగింది. నిజంగా పోయే ఆడమనిషే ఆ మాట రాస్తుంది."

మిగతా ఇద్దరూ తలలూపారు. వాళ్లలో ఒకావిడ, "మా పిన్ని అలాగే పోయింది. చారు కూడా పెట్టి పోయింది," అంది. "నెలకి తిరిగొచ్చిందనుకోండి."

డైరెక్టర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. తరవాత లాస్య చేతిలోని కాగితం తీసుకుని, అలనీ సంద్రాన్నీ పెన్నుతో కొట్టేశాడు. "ముగ్గురు ఆటోలో వచ్చారయ్యా," అన్నాడు పట్టాభిరామయ్యతో. "నా ఏ డైలాగు విని ఎవరు ఆటో ఎక్కారు? షాట్ ఉంటుంది. మెసేజ్ కూడా అదే."

ఆయన దయగలవాడని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. తన ఇంటర్వెల్ పనిచేస్తుందని విడుదలకి ఏడాది ముందే రుజువైంది, అదీ ఉచితంగా. అలాంటిది దొరికితే ఏ డైరెక్టరూ వదులుకోడు. పెళ్లి పీటల మీది పిల్ల కుక్కర్ ఎప్పుడు పెట్టిందని ఎవరూ అడగలేదు. డైలాగు కొత్తగా రాసినందుకు శేషారత్నానికి ఏమైనా ఇవ్వాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. నిజానికి ఆమెకీ రాలేదు. ఆమె అడిగింది ఒక్కటే. "మసక లేకుండా ఉంటుంది కదండీ?" పుష్పవల్లి ఆటో డబ్బులు నూటతొంభై అడిగితే పట్టాభిరామయ్య ఆకాశం వంక చూశాడు.

సినిమా ఈ ఏడాది వచ్చింది. ఎర్రగడ్డ వైపు ఒక థియేటర్లో మార్నింగ్ షోకి "లేడీస్" లిస్టు మొత్తం వెళ్లింది. వెంకటేశ్వరరావు దుకాణం మూసి వచ్చాడు. మొదటి గంటంతా శేషారత్నం కుదురుగా కూర్చోలేదు. మెట్ల మీద ఆకుపచ్చ చీర ఒకసారి కనబడింది, యథాప్రకారం మసకగా. ఆ తరవాత తెర నిండా ఫోను, దాని మీద ఆమె బొటనవేలు. మేకప్ మనిషి ఎంత రంగు పూసినా, ఎప్పుడో కందగడ్డ కోస్తూ తెగిన సన్నటి గాటు స్పష్టంగా కనబడింది. దాని చివర కందిన చర్మం కూడా. మెరిసే పసుపు వెలుగులో, నేను వెళ్తున్నా, వెతకొద్దు. వరస మొత్తం ఈలలు వేసింది. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి, హీరోయిన్ బంధువులు కాబోలని చూశారు. అన్నం కుక్కర్లో ఉంది అని పడగానే, వాళ్లతో సంబంధం లేని ఎవరో పెద్దావిడ వెనకనించి, "అయ్యో తల్లీ," అంది. కవరు ఎగిరిపోయింది. ఇంటర్వెల్.

"ఎలా ఉంది?" అని భర్తని అడిగింది శేషారత్నం.

"గాజులు ఒక సైజు పెద్దవి," అన్నాడతను. సమోసాలకి లేస్తూ మళ్లీ అన్నాడు. "వేలు నీదేనని ఎవరూ చెప్పక్కర్లేదు. చీర లేకపోయినా గుర్తుపట్టాను."

పేర్లు పడేటప్పుడు ఆమె పేరు లేదు. ఆమె వెతకలేదు, పుష్పవల్లే వెతికి చిరాకుపడింది. ఇప్పుడు సెట్లో ఎవరైనా కొత్త పిల్ల, "రత్నక్కా, మా ఇంటికి కొట్టవా," అంటే శేషారత్నం బొటనవేలు ఒకసారి పైకెత్తి చూపించి, "సినిమాలో వేసిన వేలమ్మా ఇది, జాగ్రత్తగా మాట్లాడు," అంటుంది. తరవాత కొడుతుంది, మామూలుగానే.

ప్రతి సోమవారం పొద్దున పట్టాభిరామయ్యకి కూడా ఒక మెసేజ్ వెళ్తుంది. నేను శేషారత్నం. చేతుల డబ్బులు. అతను వచ్చే వారం అంటాడు. ఒప్పుకున్నవి ఐదు వేలు. షూటింగైన నెలకి రెండు వేలిచ్చారు. మూడు వేలు ఇంకా రావాలి.